తాడ్వాయి తొవ్వల శోకం

మా దిక్కు ఏడవడానికి ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ల తల దగ్గర కూర్చుని, వాళ్లు నడిచిన తొవ్వలు, పెట్టిన బువ్వ, పడిన కష్టం ఒక్కొక్కటే ఎత్తుకుని, రాగం తీసి, గొంతు పగిలేదాకా ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. మనిషికి దక్కే ఆ మర్యాద అడవికి ఎందుకు దక్కకూడదు? 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం నడుమ నేలకొరిగిన మహావృక్షాలకు ఎవరు శోకం పెట్టారు? పత్రికలు లెక్కలు రాశాయి. 50,000కు పైగా చెట్లు, సుమారు 500 ఎకరాలు అన్నాయి. అధికారులు వచ్చారు, శాస్త్రవేత్తలు వచ్చారు, ఆకాశంలోంచి డ్రోన్లు చూశాయి. పీనుగు పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు. అందుకే నేను కూర్చున్నాను.

ఓ అడవితల్లీ, నిన్ను ఎక్కణ్నించి ఎత్తుకుని ఏడవను? నీ నీడ నుంచా? పస్రా దాటగానే రోడ్డుకు రెండు పక్కల నుంచీ చేతులు చాచి, ఒకదాని భుజం మీద ఒకటి తలవాల్చుకున్న నీ మద్ది మానుల చల్లని చీకటి నుంచా? నడినెత్తి సూర్యుణ్ని సైతం వెన్నెలగా మార్చి దోసెడు దోసెడుగా నేల మీద చల్లిన నీ ఆకుల దయ నుంచా? మాఘంలో మోదుగుపూల మంటవై, ఫాల్గుణంలో ఇప్పపూల మత్తువై, వైశాఖంలో తునికిపండ్ల తీపివై, శ్రావణంలో వేయి వాగుల గొంతువై, ఏడాది పొడుగునా ఒక్కొక్క నెలను ఒక్కొక్క చీరగా కట్టి విడిచిన నీ సింగారం నుంచా? నల్లమద్దీ, ఏరుమద్దీ, తానీ, జువ్వీ, మారేడూ, నేరేడూ, కొడిశా, బూరుగా, నారేపా! పేరుపేరునా పిలుస్తున్నాను. పలికేదెవరు?

ఆ పొద్దు బంగాళాఖాతం మీద వాయుగుండం కాచుకుని ఉంది. తెలంగాణ అంతటా వాన. నానిన నేల మెత్తబడి ఉంది. లోతుకు దిగక పక్కలకు పరుచుకున్న వేళ్లకు పట్టు సడలి ఉంది. అంతలో మేఘం కడుపులోంచి గాలి కిందికి దూకింది. సుడిగాలి అన్నారు కొందరు, మేఘం నుంచి నిట్టనిలువునా దిగిపడిన గాలి అన్నారు కొందరు. పేరు ఏదైతేనేం, తరాలుగా ఎదిగిన కొమ్మల రాజ్యం ఒక్క సాయంత్రం దాటకముందే కూలిపోయింది. ఒక్క ఊరి మీదికీ ఆ గాలి పోలేదు. మేడారం తల్లులే అడవిని అడ్డం పెట్టి ఊళ్లను కాచారని జనం చేతులు జోడించారు. నేనూ జోడిస్తాను. కానీ అడ్డం నిలబడి ప్రాణమిచ్చినవాళ్లకు ఒక దండమైనా వేరుగా పెట్టాలి కదా!

కూలిన ఒక మద్ది దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వేళ్ల చక్రం లేచి నా తలకన్నా ఎత్తున నిలుచుని ఉంది. ఆ వేళ్ల సందులో ఎర్రమట్టి, మట్టిలో ఇంకా పట్టు వదలని గులకరాళ్లు. చచ్చినా గుప్పిట విప్పలేదు మాను. వేళ్లు లేచిన చోట గుంత, గుంతలో వాననీళ్లు, నీళ్లలో ఇన్నాళ్లుగా అక్కడ కనబడని ఆకాశం. మొసలి వీపులా పెళ్లలు పెళ్లలుగా లేచిన బెరడు మీద చీమలు మాత్రం పాత వరసలోనే పోతున్నాయి. నిలువుదారి అడ్డదారి అయిందని వాటికి ఎవరూ చెప్పలేదు. మానును అల్లుకున్న తీగ ఇంకా పచ్చగానే ఉంది. మొగుడు పోయిన కబురు అందని ఆడబిడ్డలాగా. పక్కనే వంటచెరుకు ఏరుకుంటున్న కోయ అవ్వను తొవ్వ ఎటు పోయిందని అడిగితే, చేతికర్రతో ఆ మాను నడుమును రెండుసార్లు తట్టి చూపింది. దానికిందనే ఉందట.

అప్పుడు తెలిసింది నాకు, నేను ఏడవవలసింది చెట్ల కోసం ఒక్కటే కాదని. చెట్టుకు లెక్క ఉంది, ఎకరానికి లెక్క ఉంది. వాటి కింద నలిగిపోయిన కాలిబాటలకు ఏ పుస్తకంలోనూ లెక్క లేదు.

మాది జనగామ మెట్ట. వాన ముఖం చూసి వారం లెక్కపెట్టుకునే ఊళ్లు. పాలకుర్తి సోమేశ్వరుడు కొలువైన గుట్టల్లాంటివి తప్ప, తక్కిన బోడిగుట్టల్లో చాలావాటిని కంకర మిల్లులు కొరుక్కు తినేశాయి. అడవి అంటే మాకు మేడారం. మేడారం అంటే బండి. బస్సులు పెరగకముందు, రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గరపడితే చాలు, తల్లుల జాతరకు గూడు కట్టిన ఎడ్లబండ్లు కదిలేవి. బండిలో వరిగడ్డి, గడ్డి మీద పిల్లలు, పిల్లల ఒడిలో కోళ్లు, కోళ్ల పక్కన ఎవరెత్తు ఎంతో తూచి కొన్న బెల్లం ముద్దలు. ఆ బెల్లాన్ని బెల్లం అంటే మా ముసలవ్వలు కళ్లెర్రజేసేవాళ్లు. అది బంగారం. ఘనపురం దాటి, ఓరుగల్లు దాటి, మల్లంపల్లి దాటి, ములుగు గట్టమ్మ ముందు ఆగి తొలి మొక్కు చెల్లించి, ఆమె సెలవిస్తేనే అడవి గడప తొక్కేవాళ్లు. ఈనాడు అదే తొవ్వ మీద 163వ నంబరు జాతీయ రహదారి నల్లగా పరుచుకుంది. జనగామలో పొద్దున కారెక్కితే మధ్యాహ్నానికి తాడ్వాయి. కళ్లు మూసి తెరిచేలోపు అడవి వచ్చి అడవి పోతుంది. బండికి మాత్రం అడవి మెల్లమెల్లగా వచ్చేది. మొదట వాసనగా, తరువాత చలిగా, ఆ పైన ఎడ్ల మెడగంటలు తిరిగి పలికే ప్రతిధ్వనిగా.

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్లును పంచినప్పుడు మేము జనగామ అయ్యాం, గూడూరు, కొత్తగూడ అడవులు మహబూబాబాద్ అయ్యాయి, తల్లీ నువ్వు భూపాలపల్లి అయ్యావు. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరుపడితే ఆ పటంలోకి పోయావు. పంపకాలు ఎన్ని జరిగినా ఆ బండితొవ్వ మాత్రం ఉమ్మడిలోనే ఉండిపోయింది, అన్నదమ్ములు పంచుకోవడం మరిచిన పెరటిబావిలాగా.

బండితొవ్వ పెద్దది, దాన్ని అందరూ ఎరుగుదురు. దానికి చీలి, చీలికకు చీలి, ఆకు ఈనెల్లా అడవి ఒళ్లంతా పరుచుకున్న సన్నని తొవ్వలు వేరు. తునికాకు తొవ్వలు అవి. ఏప్రిల్, మే నెలల్లో కోడికూతకు లేచి, సద్దిమూట కట్టుకుని, గూడెం గూడెం ఆడవాళ్లు వరసగా నడిచిన తొవ్వలు. ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, ఎండ ముదిరేలోపు తలమీద మూటతో కల్లానికి చేరిన తొవ్వలు. ఇప్పచెట్టు మొదట్లో నేల ఊడ్చి, తెల్లారుజామున రాలిన పూలను ఏరుకోవడానికి పోయిన తొవ్వలు. గొడ్లు తిరిగి తిరిగి వేసినవి, తేనె కోసం పోయినవి, ఇసుకలో చెలిమె తీసి ఊటనీళ్లు ముంచుకోవడానికి వాగులోకి దిగినవి, చుట్టాల గూడేనికి పెళ్లికబురు మోసినవి. ఏ ఇంజినీరూ కొలవలేదు, ఏ కాంట్రాక్టరూ పోయలేదు. అరికాళ్లు గీశాయి వాటిని. వానాకాలంలో గడ్డి కమ్మేస్తే, ఎండాకాలం పాదాలు వచ్చి మళ్లీ తెరిచేవి.

ఇప్పుడు చాలావాటి మీదికి పాదాలు రావడం లేదు. గ్యాసుబండ వచ్చాక కట్టెకు పోయే తొవ్వ మూసుకుంది. ఇంటి ముందుకు నల్లా వచ్చాక చెలిమె తొవ్వ మూసుకుంది. ఇవి రావద్దని నేననను. నెత్తిమీద బరువు దిగిన ఆడబిడ్డను చూసి సంతోషించనివాడు మనిషే కాడు. కానీ ఆ తొవ్వల్లో ఏ మలుపు దగ్గర ఏ ఊట ఉందో, ఏ బండ చాటున ఎలుగు పిల్లల్ని పెడుతుందో, ఏ మాను మీద జుంటితేనె పడుతుందో, ఆ ఎరుక అంతా పాదాలతోపాటే వెనక్కి మళ్లిపోతోంది. ఆ గాలివాన పూర్తిగా బతికున్న బాటల మీద పడలేదు తల్లీ. సగం ప్రాణం పోయినవాటి మీద పడింది.

భూపాలపల్లి వైపు, రేగొండ మండలంలో, పాండవుల గుట్టకు ఒక తొవ్వ ఉంది. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే పోవాలి. రావులపల్లి దాటాక పొదల్లోంచి ఆ ఇసుకరాతి కొండలు హఠాత్తుగా లేచి నిలబడతాయి. గాలీ నీరూ యుగాల తరబడి చెక్కి, మలిచి, మనసుకు నచ్చక మళ్లీ చెరిపి, మళ్లీ మలిచిన మహాశిల్పాలు. పొర మీద పొర, పొర మీద పొర. కాలం తన దినచర్యను రాతిలో రాసి దొంతులు పేర్చినట్టు ఉంటుంది. బండను అరచేత్తో తాకితే గరుకుగా ఇసుక రాలుతుంది. ఏనాటి నది అడుగున పరుచుకున్న ఇసుకో అది, ఈనాడు నా చేతిగీతల్లో చిక్కుకుంది. ఎదురు పాండవుల దగ్గర, గొంతెమ్మ గుహ దగ్గర తల పైకెత్తి చూడాలి. ఎరుపూ, తెలుపూ, పసుపూ, ఆకుపచ్చా రంగుల్లో అడవిదున్న ఉంది, జింక ఉంది, పులి ఉంది, చిరుత ఉంది. విల్లూ అమ్మూ పట్టిన మనుషులున్నారు. చుట్టూ వలయాలు, చతురస్రాలు, స్వస్తికలు. 1990లో పరిశోధకుల కంటబడి లోకానికి తెలిశాయి. గొర్రెలకాపరులకు అంతకు ఎంతోముందే తెలుసు. మధ్యరాతియుగం నాటి చేయి ఒకటి అక్కడ తొలి గీత గీస్తే, తరువాతి కాలాల చేతులు పక్కన మరో గీత కలిపాయి. వేటకు పోయే తొవ్వలో ఒక నీడ దొరికింది, ఆ నీడలో ఒక గోడ దొరికింది, నడిచి అలసిన మనిషికి బొమ్మ గీయాలనిపించింది. అంతే కదా! బాట లేకపోతే ఆ బొమ్మ లేదు.

ఇప్పుడు ఆ గుట్ట మీద తాళ్లు కట్టి రాళ్లెక్కడం నేర్పుతున్నారు. నగరం నుంచి వచ్చిన పిల్లలు మోకాళ్లు దోక్కుని కేరింతలు కొడుతుంటే నాకు ముచ్చటేసింది. ఆ రంగుల మీద ఎండపొడ పడటం చూస్తే మాత్రం గుండె కలుక్కుమంటుంది. వేల ఏళ్ల ఎరుపు అది, చెయ్యి వేసి తుడిస్తే పోయే ఎరుపు. బిడ్డల్లారా, చేతులు వెనక్కి కట్టుకుని చూడండి.

మా అడవిలో విచిత్రమేమంటే, రాయి కనబడితే చాలు, పాండవులు గుర్తొస్తారు. ఇక్కడ గుట్ట వాళ్లది, గుహ వాళ్లమ్మది. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం సీతానగరం దగ్గర జలపాతం భీముని పాదానిది. డెబ్బై అడుగుల పైనుంచి నీళ్లు తెల్లటి జడలుగా విడివడి దూకుతుంటే, ఆ దూకిన చోట భీముడు అడుగు మోపాడని చెబుతారు. అడవికి వచ్చినవాడు అడుగు వదిలిపోయాడు. బలవంతుడి అడుగు రాతిలో మిగిలింది. కోయ అవ్వ అడుగు మట్టిలోనే పడింది, మట్టిలోనే కలిసింది. పాండవులకు పన్నెండేళ్ల తరువాత వనవాసం తీరింది. ఈ తొవ్వల వనవాసం తీరేది ఎన్నడు?

గాలి అడవిని కూల్చిన రోజే, ఆ రాత్రే, మానుకోటను, అదే మహబూబాబాద్‌ను, నీళ్లు ముంచాయి. ఆకేరు పొంగి మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. కేసముద్రం దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి ఇనుప పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీకీ దక్షిణానికీ నడుమ రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అంతకు ఏడాది ముందు, 2023 జులై చివర్లో, రామప్ప పక్కనున్న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ నీళ్లకే మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగి, జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జంపన్నవాగు కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది. అదే వారం ముత్యాలధార చూడబోయిన పర్యాటకులు వాగు దాటలేక రాత్రంతా అడవిలో వానకు తడుస్తూ నిలబడ్డారు. ఆ వాగు ఎప్పుడు దాటొచ్చో ఎప్పుడు దాటకూడదో గూడెంలో ఏ పిల్లవాణ్ని అడిగినా చెప్పేవాడు. ముందు నడిచే పాదం తోడు లేని నడక అది.

లక్నవరం చెరువు మధ్య దీవుల మీద విడిదిళ్లు కట్టారు. ఉయ్యాలవంతెన మీద నడుస్తూ నీళ్లలో కొండల నీడలు చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. కాకతీయుల చెరువు అది, వచ్చినవాళ్లందరి కళ్లకూ చల్లదనం పంచుతుంది. అక్కడ ఒక రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి, ఇక్కడ నడవడానికి మంచి తొవ్వలేమున్నాయని అడిగేవాళ్లు ఇప్పుడు చాలామంది. మంచిదే. అడగండి, నడవండి. తాడ్వాయి మండలంలోనే దామరవాయి దగ్గర గుట్ట మీద రాక్షసగుళ్లున్నాయి. బృహత్ శిలాయుగం మనుషులు చచ్చినవాళ్ల కోసం రాతిపలకలు నిలబెట్టి, పైన బండను కప్పి కట్టిన ఇళ్లు. తమవాళ్లను మరవకూడదని అంతంత రాళ్లను మోసినవాళ్ల తొవ్వ అది. నెమ్మదిగా ఎక్కండి.

చిలుకలగుట్ట మాత్రం ఎక్కకండి. మేడారం పక్కనే ఉంటుంది, పెద్ద ఎత్తేమీ కాదు, కాళ్లు ఉబలాటపడతాయి. సమ్మక్క నెత్తుటి దేహంతో నడిచి మాయమైన గుట్ట అది. పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికిన గుట్ట. జాతరలో ఆమెను తీసుకురావడానికి కోయ వడ్డెలు మాత్రమే దాని మీదికి పోతారు. ఆమె దిగి వస్తుంటే గాలిలోకి తుపాకి పేల్చి జిల్లా పోలీసు అధికారి స్వాగతం చెబుతాడు, లక్షల గొంతులు ఒక్కటవుతాయి. తక్కిన రోజులన్నీ ఆ బాట ఆమెది ఒక్కతెది. ఎవరూ నడవకుండా కాచుకున్నందుకే బతికున్న తొవ్వ ఈ అడవి మొత్తంలో అదొక్కటే ఏమో!

ఆ గుట్ట కథను, ఆ తల్లుల కథను డోలు కొట్టి పాడిన సకిని రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కన్నుమూశారు. మణుగూరు దగ్గరి కూనవరం కోయబిడ్డ, 2022లో పద్మశ్రీ అందుకున్నవాడు. ఏ ఇంటిపేరువాళ్లు ఏ తొవ్వన వచ్చారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ నెత్తురు చిందించారో, ఊరూ వాగూ వరసగా గొంతులో దాచుకున్నవాడు. రాతపుస్తకం లేని అడవికి ఆయన పాటే పటం. పాడే గొంతు పోయిన రెండు నెలలకు పాటలోని చెట్లు కూలాయి. అయ్యా, నువ్వున్నట్టయితే ఈ శోకం నీ డోలు మీద పెట్టేవాడివి. నా చేతిలో ఒట్టి కలం ఉంది.

చెట్లు పడిన గాయం ఆరకముందే, 2024 డిసెంబరు 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు భూమి కదిలింది. తీవ్రత 5.3, కేంద్రం ములుగు నేలే. హైదరాబాద్‌లో సైతం మంచాలు ఊగాయి. పైనుంచి గాలి కొట్టింది, పక్కనుంచి నీరు కొట్టింది, కిందినుంచి నేల కొట్టింది. ఇంకా కొట్టడానికి ఏం మిగిలింది తల్లీ? భూపాలపల్లిలో బొగ్గు కోసం తవ్విన గోతుల అంచు దాకా పోయి ఆగిపోయిన పాత కాలిబాటలున్నాయి. వాటికి అవతలి ఒడ్డు లేదు. గాలి కూల్చిన అడవి మొలుస్తుందేమో. ఆ గోతిలో తెగిన బాటకు ఆ ఆశ కూడా లేదు. 1952 నుంచి అభయారణ్యమని పేరున్న 806 చదరపు కిలోమీటర్లలో ఇంకా ఎంత నీడ ఉందో, ఆ నీడకైనా ఇక దిష్టి తగలకూడదు.

టేకు మొద్దు నుంచి పిలక వస్తుంది. తునికి వేరు నుంచి మొలక లేస్తుంది. నరికినా కాల్చినా మళ్లీ తలెత్తే జాతులు నీవి, అది నీ కడుపు మహిమ. కూలిన చోట వెలుతురు పడితే విత్తనాలు మేలుకుంటాయి. పడినదాన్ని పడినచోటే పుచ్చనిస్తే అదే ఎరువై మరో అడవికి పాలిస్తుంది. ఆ మానుల్ని కలపగా చూసే కళ్లను దూరంగా ఉంచితే చాలు. కానీ బాటకు విత్తనం లేదు, పిలక లేదు. నడిచినవాళ్లు ఉండగానే మళ్లీ నడిపించుకోవాలి.

కన్నెపల్లిలో, ఊరట్టంలో, నార్లాపూర్‌లో ఆ పాదాలు ఇంకా ఉన్నాయి. వెదురుకర్ర ఊతంగా వాకిట్లో కూర్చుని ఉంటారు. లక్నవరంలో పడుకుని లేచి తొవ్వ అడిగే అన్నలారా, అక్కలారా, ఫోనులో పటం తరువాత చూద్దురుగాని, ముందు ఆ గడప దగ్గర ఆగండి. పెద్దయ్యా అని పిలవండి, అవ్వా అని పిలవండి. ఒక పూట కూలి వాళ్ల చేతిలో పెట్టి ముందు నడవమనండి. కూలిన మానుల మీదుగానో పక్కగానో, వాళ్లు ఎటు తిరిగితే అటు తిరగండి. మనుమళ్లను కూడా వెంట రమ్మనండి, ఏ మలుపు ఏమిటో వాళ్ల చెవిన కూడా పడనివ్వండి. నీళ్లసీసా ఎక్కడ ఖాళీ అయినా సంచిలోనే తెచ్చుకోండి. పెద్దయ్య చెలిమె దగ్గర ఆగితే ఆగండి, చెప్పులు విడిస్తే విడవండి.